పెద్దసారు శుభ్రం చేసిన పాఠాలు

కరీంనగర్ బస్టాండు ఎదుట చాయ్ కప్పు ఏడాదికేడాది చిన్నదవుతోంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గాజు గ్లాసు ఉండేది. చెయ్యి కాలితే రుమాలు చుట్టుకునేవాళ్లం. తర్వాత కాగితపు కప్పు వచ్చింది. ఇప్పుడిస్తున్నది కప్పు కూడా కాదు, పసిపిల్లలకు జ్వరం మందు పోసే సీసా మూత. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పెద్దమనిషిలా నిలబడి ఊదుకుంటూ తాగాలి. తాగేది ఒక్క గుటకే కాబట్టి ఊదడానికే ఎక్కువసేపు పడుతుంది. ఇదేమిటని అడిగితే హోటలాయన "ఎక్కువ తాగితే షుగరస్తది సార్" అంటాడు. నా ఆరోగ్యం మీద అంత శ్రద్ధ ఉన్నవాడు చక్కెర తగ్గించవచ్చు. చాయ్ తగ్గించాడు.

అలాంటి చాయ్ ఒకటి తాగి, ఉన్న దాహాన్ని ఇంకాస్త పెంచుకుని, ఒకనాడు శిక్షణకు వెళ్లాను. పాఠాలు చెప్పడంలో ఉపాధ్యాయులు క్లౌడునూ ఆన్‌లైన్ సాధనాలనూ ఎలా వాడుకోవాలన్నది విషయం. నేను కరీంనగర్ దాటాక వచ్చే ఒక మగ్గాల ఊళ్లో, సర్కారు హైస్కూల్లో సోషల్ చెబుతాను. నాతోపాటు మా ప్రధానోపాధ్యాయుడూ, ఫిజిక్స్ మేడమూ వచ్చారు. ప్రధానోపాధ్యాయుణ్ణి ఊరంతా పెద్దసారు అంటుంది, నేనూ అదే అంటాను.

హాల్లో ఇంటర్నెట్ లేదు. శిక్షణకు ఇది అడ్డంకి కాలేదు. రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు. క్లౌడు తెరిస్తే ఎలా ఉంటుందో ఫొటోలు తీసి తెచ్చాడు. ఒక ఫొటోలో ఖాతా తెరవడం, ఇంకో ఫొటోలో ఫైలు ఎక్కించడం. మేము ఆ ఫొటోలను మా ఫోన్లతో ఫొటోలు తీసుకున్నాం. శ్రద్ధ ఎక్కువైనవాళ్లు శిక్షకుణ్ణి కూడా కలిపి తీసుకున్నారు. మధ్యాహ్నం భోజనంలో పెరుగు అయిపోయినప్పుడు జరిగినంత చర్చ ఆ రోజు మరే అంశం మీదా జరగలేదు.

ఆయన చెప్పినవాటిలో రెండు మాటలు మాత్రం మా బడిదాకా వచ్చాయి. ఫోన్లో దాచుకోకండి, ఫోను పోవచ్చు, క్లౌడు పోదు అన్నది ఒకటి. దాన్ని మేడం నమ్మింది. బడికొక ఖాతా ఉండాలన్నది రెండోది. దాన్ని పెద్దసారు అమలు చేశాడు. తన నంబరు మీద, తన ఫోన్లోనే బడి ఖాతా తెరిచి, పాస్‌వర్డును స్టాఫ్ రూం బీరువా తలుపు మీద చాక్‌పీసుతో రాయించాడు. రహస్యం కాబట్టి తలుపు లోపలివైపు రాయించాడు. ఆ బీరువాకు తాళం లేదు.

పెద్దసారు చెడ్డవాడని నేననను. చెడ్డవాడు కావడానికి కూడా కాస్త పట్టుదల ఉండాలి. ఆయన శుభ్రమైన మనిషి, అంతే. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, దుమ్ములేని టేబులు. ప్రతి జూన్‌లోనూ, తనిఖీ అయిపోయి సంతకాలు పడ్డ జవాబు పత్రాలు, ప్రాజెక్టులు, పిల్లలు రంగులేసిన చార్టులు అన్నీ వరండాలో పోయించి, చిత్తు కాగితాలు కొనేవాణ్ణి పిలిపిస్తాడు. తూకం దగ్గర తానే నిలబడతాడు. ఆ సాయంత్రం స్టాఫుకు మిర్చి బజ్జీలు. తనిఖీ అయ్యేదాకా ఒక కాగితాన్ని దేవుడి పటంలా చూసుకుంటాడు, అయిన మర్నాడు అదే కాగితం ఆయన కంటికి చెత్త. పిల్లలు రాసుకున్నది పిల్లలకు మళ్లీ పనికొస్తుందేమోనన్న అనుమానం ఈ మొత్తం ఏర్పాటులో ఎక్కడా లేదు. బజ్జీలు మాత్రం బాగుండేవి.

ఖాతా వచ్చాక మా బడి డిజిటల్ అయింది. మొక్క నాటిన ఫొటో, అదే మొక్కకు నీళ్లు పోసిన ఫొటో, చేతులు కడుక్కున్న ఫొటో, ఇకమీదట కూడా కడుక్కుంటామని ప్రతిజ్ఞ చేసిన ఫొటో, అన్నీ పైకెక్కాయి. పాఠం జరుగుతున్నట్టు ఫొటో కావాలంటే పాఠం ఆపి తీసేవాళ్లం. పెద్దసారు ఫోను ఆయన సొంత ఫొటోలను కూడా తనంతట తానే అందులోకి పంపడం మొదలుపెట్టింది కాబట్టి, మా ప్రతిజ్ఞల మధ్య ఆయన మనవడి మొదటి పుట్టినరోజు కూడా చేరింది. మూతినిండా కేకు పూసుకున్న ఆ బాబే మొత్తం ఖాతాలో సహజంగా ఉన్న ఒకే ఒక్క మనిషి.

ఇంతలో మేడంకు బదిలీ అయింది. భర్త ఉద్యోగం ఆదిలాబాదు వైపు కావడంతో ఆమె ఎప్పుడో పెట్టుకున్న దరఖాస్తు, పదో తరగతి సిలబసు సగం కూడా కాకముందు ఫలించింది. ఇచ్చోడ నుంచి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊరి బడికి పంపారు. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. పెద్దసారు మీటింగు పెట్టాడు.

"పదోతరగతికి ఫిజిక్స్ ఎవలు చెప్తరు?"

"డిగ్రీల సదివింది మొత్తం మర్శిపోయిన సార్" అన్నాడు లెక్కల సారు. ఆయన నిజాయితీపరుడు. లెక్కలు కూడా మర్చిపోయాడన్న సంగతి అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"సోషల్ సార్, మీరు?"

"ఫిజిక్స్ చరిత్రైతే చెప్త సార్" అన్నాను.

అందరూ నవ్వారు. "పోస్టు ఖాళీగున్నదని పైకి రాస్త. ఫికర్ చెయ్యకుండ్రి" అని పెద్దసారు మీటింగు ముగించాడు. ఫికర్ చేసేవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

ఫికర్ చేసే మనిషి పదో తరగతి మొదటి బెంచీలో ఉంది. ఆ పిల్ల తండ్రి ఒక ఆసామి దగ్గర సాంచాలు నడుపుతాడు. మా వైపు మరమగ్గాన్ని సాంచా అంటారు, వాటి యజమానిని ఆసామి అంటారు. పదో తరగతి మార్కులు చూసి సీటిచ్చే గురుకుల కాలేజీలో చేరాలని ఆమె కోరిక. అందులో చదువుతోపాటు తిండీ హాస్టలూ వాళ్లవే. తండ్రితో ఒకసారి ఈ మాట ఎత్తితే, "సీటస్తె పోతది సార్. రాకుంటె కండెలు సుట్టుకుంటది" అన్నాడు. కోపంగా కాదు, బస్సు దొరక్కపోతే ఆటో ఎక్కుతామన్నంత మామూలుగా. కండెలంటే మగ్గానికి నూలు చుట్టిపెట్టే గొట్టాలు. మిగతా సబ్జెక్టుల్లో ఆమెకు ఢోకా లేదు. సీటుకు అడ్డంగా నిలబడ్డది మా స్టాఫ్ రూంలోని ఖాళీ కుర్చీ ఒక్కటే.

కొద్దిరోజులకు మేడం నాకు ఫోను చేసింది. "సార్, పోరగాండ్లను నడిమిట్ల ఇడిశిపెట్టచ్చిన. మనసున వడ్తలేదు. ఆదివారం ఆదివారం పాఠాలు చేసి బడి ఖాతల ఏస్త. జర పిల్లలకు చెప్పుండ్రి."

ఆమె ఉన్న ఊళ్లో సిగ్నలు లేదు. ఇంట్లో గోడకు నల్లబోర్డు ఆనించి పాఠం తీసుకుని, బస్సెక్కి హైవే మీదికి వచ్చి, ఒక ధాబా దగ్గర కూర్చుని పైకెక్కించేది. "బాయీ, గా చివరి మంచం మీద కూసో, ఆడ టవరు మంచిగ దొరుకుతది" అని ధాబా యజమాని చోటు చూపించేవాడట. క్లౌడు గురించి నేను విన్న మాటల్లో పనికొచ్చిన మొదటి మాట అదే.

ఆ పాఠాలు ఎలా నడుస్తున్నాయో నేను చూసింది ఒక సెలవురోజున ఆ పిల్ల ఇంట్లో. వాళ్లది ఆసామి షెడ్డు వెనకాల గది. సాంచాలు ఆడుతుంటే పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. తల్లి బీడీలు చుడుతూ నా చెవిలో అలాగే అరిచింది.

"సారూ, ఇది పొద్దంత ఫోను పట్టుకోని కూసుంటది! సదువుతున్ననంటది. గా ఫోనుల సప్పుడే రాదు!"

"సప్పుడుతోటి ఏం పనే అవ్వా" అని పిల్ల ఫోను నా ముందు పెట్టింది. తెర మీద మేడం చేతి గాజులు, చాక్‌పీసు, బోర్డు మాత్రమే ఉన్నాయి. చెప్పదలచుకున్న ప్రతి మాటా రాసేస్తోంది. ఇక్కడ ఆగండి, ఇది మీరు చేసి చూడండి అన్న మాటలు కూడా. మాటలు వినబడవని పిల్లలు చెబితే, పాఠాన్ని చదువుకునే పాఠంగా మార్చిందట. మోటారు పాఠానికి సాంచాకున్న మోటారు ఫొటో ఈ పిల్ల దగ్గరే తెప్పించుకుంది. ప్రతి పాఠం కింద చిన్న ప్రశ్నలు ఉండేవి. పిల్లలు ఫోనులోనే జవాబు నొక్కితే ఎవరు ఎక్కడ తప్పారో అక్కడ ధాబా మంచం మీద ఆమెకు తెలిసేది. దర్పణాల లెక్కల్లో సగం తరగతి ప్లస్సుకూ మైనస్సుకూ తికమకపడితే, వచ్చే ఆదివారం పాఠమంతా ఆ తికమక మీదే. శిక్షకుడి ఫొటోల్లో ఇదేదీ లేదు.

పెద్దసారు వీటిలో ఒక్క పాఠమూ చూడలేదు. నివేదికలో మాత్రం మా బడి వినూత్న కృషి అని రాశాడు. ఆ వాక్యం నాతోనే దిద్దించుకున్నాడు కాబట్టి నాకు తెలుసు.

అర్ధసంవత్సర పరీక్షలయ్యాయి. ఆ పిల్లకు ఫిజిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. తర్వాతి వారం స్టాఫ్ రూం తలుపు దగ్గర కనిపించింది.

"సార్, మేడం పాఠాలు లెవ్వు."

"సిగ్నల్ లేదేమో బిడ్డా."

"సిగ్నలున్నది సార్. మొక్కల ఫొటోలు అవుపడ్తున్నయి. పాఠాలే లెవ్వు."

నా ఫోన్లో చూశాను. మొక్కలున్నాయి, ప్రతిజ్ఞలున్నాయి, కేకు బాబున్నాడు. పాఠాలు లేవు. ఇద్దరం పెద్దసారు గదికి వెళ్లాం. ఆయన టేబులు తుడుచుకుంటున్నాడు. మేడం పాఠాలు ఏమయ్యాయని అడిగాను.

"అవా? నేనే తీసేసిన. జాగ నిండింది, జాగ నిండిందని ఒకటే మెసేజిలు. ఆఫీసర్లు వస్తరాయె, కొత్త ఫొటోలు ఎక్కియ్యాలె గద."

"ఫొటోలుంచి పాఠాలు తీసిండ్రా సార్?"

"పాఠాలు అయిపోయినయి గద! పోరలు సూసిండ్రు, పరీక్ష రాసిండ్రు, మార్కులేసినం, సంతకాలైనయి. ఇంకెందుకవి?"

అప్పుడర్థమైంది నాకు. ఆయన దృష్టిలో క్లౌడంటే బీరువా. ఫోన్లోకి జూన్ కాస్త ముందుగా వచ్చింది. బజ్జీలు రాకపోవడం ఒక్కటే తేడా.

"తీసేసినయి చెత్తబుట్టల కొన్ని దినాలుంటయి సార్. వాపస్ తెచ్చుకోవచ్చు" అన్నాను.

ఆయన ముఖంలో మంచి గృహస్థుడి గర్వం కనిపించింది. "బుట్ట గూడ ఖాళీ చేసిన సార్. చెత్తను ఇంట్ల పెట్టుకుంటమా?"

తలుపు దగ్గరున్న పిల్ల, "వార్షిక పరీక్షల గా పాఠాలే వస్తయి సార్" అంది.

"మేడం ఫోన్ల ఉంటయి తియ్ బిడ్డా. పరేషాన్ గాకు" అని ఆయన టేబులు రెండోవైపు తుడవసాగాడు.

మేడం దొరకడానికి ఆదివారందాకా ఆగాల్సి వచ్చింది. బడి తాళం తీయించుకుని స్టాఫ్ రూం నుంచే చేశాను, పిల్ల కూడా పక్కనే ఉంది. సంగతి విని ఆమె మొదట నమ్మలేదు.

"నా ఫోన్ల ఎక్కడియి సార్? గా శిక్షణల ఏం చెప్పిండ్రు? ఫోన్ల పెట్టుకోకుండ్రి, పైన పెట్టుండ్రి అనలేదా? నా ఫోనే చిన్నది. ఎక్కిచ్చినంక తీసేసుకుంట వచ్చిన." మళ్లీ తనే అడిగింది. "పెద్దసారు ఎందుకు తీసిండు?"

"శుభ్రం కోసం" అన్నాను.

లారీ హారన్ల మధ్యనే ఏయే పాఠాలు పోయాయో అడిగి రాసుకుంది.

"మల్ల చేస్త" అంది చివరికి. "గని ఈసారి సార్లకు ఇయ్య. పిల్లకియ్యుండ్రి ఫోను."

ఆ సార్లలో నేను కూడా ఉన్నానా అని అడగలేదు. ఫోను పిల్లకిచ్చాను. ఆమె తండ్రి ఫోన్లో ఆమె పేరుతో ఖాతా ఎలా తెరవాలో, పాఠం వచ్చాక ఒక కాపీ మెమరీ కార్డులో ఎలా వేసుకోవాలో మేడం ఓపిగ్గా చెప్పింది. ఒక ఫైలును నలుగురితో పంచుకునేటప్పుడు చూసే హక్కు వేరు, మార్చే హక్కు వేరు ఉంటాయని, అందరికీ చూసే హక్కు మాత్రమే ఇవ్వమని చెప్పింది. ఒక రోజంతా శిక్షణ పెట్టి పెరుగు మీద చర్చ దాకా నడిపినవాళ్లు చెప్పని సంగతి అది. ఆ సాయంత్రం నన్ను కూడా చేర్చమని పిల్లను అడిగాను. చేర్చింది. నాకూ చూసే హక్కే ఇచ్చింది.

మేడం పాఠాలు మళ్లీ మొదలుపెట్టింది. కొత్తవి చెయ్యాలి, పోయినవీ చెయ్యాలి. బోర్డు మీద అక్షరాల్లో తొందర కనిపించేది. మొదటిసారి రెండు బోర్డులు పట్టిన పాఠం ఇప్పుడొక బోర్డులో సర్దేది. మోటారు తిరిగి వచ్చింది. దర్పణాలు వచ్చాయి. కొన్ని రానే లేదు, పరీక్షలు దగ్గరపడ్డాయి. ఉన్నవాటినే పిల్లలు మళ్లీమళ్లీ చూసుకున్నారు. తరగతిలో ఎవరికి ఏది కనబడకపోయినా ఆ పిల్ల దగ్గరికే పోయేవాళ్లు. మా బడిలో సరిగ్గా నడుస్తున్న ఆఫీసు అదొక్కటే.

అప్పుడొచ్చాడు ఆఫీసరు. డిజిటల్ బోధనలో మంచి బడిని ఎంపిక చేస్తారట, మా నివేదిక చూసి ముచ్చటపడి వచ్చాడు. పదో తరగతి గదిలో తెర వెలిగించారు. పెద్దసారు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. నేను వెనక నిలబడి, తిన్నగానే ఉన్న చార్టును తిన్నగా చేస్తున్నాను.

"మీకు ఫిజిక్స్ టీచర్ లేరు కదా, ఎలా మేనేజ్ చేస్తున్నారు?" అన్నాడు ఆఫీసరు.

"క్లౌడ్ సార్!" అన్నాడు పెద్దసారు.

"చూపించండి."

పెద్దసారు బడి ఖాతా తెరిచాడు. మొక్కలు వచ్చాయి. ఆఫీసరు తలూపాడు. ఇంకాస్త జరిపితే గోడంత తెర మీద గోడంత బాబు, మూతినిండా కేకుతో ప్రత్యక్షమయ్యాడు. పిల్లలు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"పాఠాలు ఎక్కడున్నాయి?"

"గీ బిడ్డ దగ్గరున్నయి సార్" అని పెద్దసారు మొదటి బెంచీని చూపించాడు.

పిల్ల లేచి నిలబడింది. "సూస్తనంటె సూపెడ్త సార్" అంది ఆఫీసరుతో.

ఆయనకు చూడడం మీద అంత ఆసక్తి ఉన్నట్టు లేదు. "అలా కాదమ్మా. నీ దగ్గరుంటే బడి లెక్కలోకి రాదు. బడి ఖాతాలో ఉండాలి" అని పెద్దసారు వైపు తిరిగాడు. "ఇప్పుడే అన్నీ మీ ఖాతాలోకి మార్పించండి. మళ్లీ మళ్లీ రాలేను నేను."

"ఎంతసేపు సార్, ఇప్పుడే" అని పెద్దసారు బెంచీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. తగ్గించినా గదిలో అందరికీ వినబడింది. "బిడ్డా, మొత్తం నా ఖాతకు పంపు. నీ దగ్గర ఎందుకవి, ఆగమైతయి. మంచిగ నేను జాగ్రత్త చేస్త."

పిల్ల కదల్లేదు. ఆయన వంగి, మీసం సవరించుకుని, మరింత ప్రేమగా అన్నాడు. "గా కాలేజీ సీటుకు నీ కాగితాలన్నీ నా సంతకంతోనే పోవాలె గదా, యాదుందా?"

తరగతంతా ఆమె వైపే చూస్తోంది. లెక్కల సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా చేతిలో చార్టు ఇంకా ఉంది.

"నేనియ్య సార్" అంది పిల్ల. "మీరు తుడిచేస్తరు."